కట్టే మాట, కూల్చే మాట

ఆత్మీయ విషయాలు మాట్లాడుకొనే ఈ శీర్షికలో సాఫ్ట్‌వేర్ గొడవ ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. కాని మన పట్టణాల్లో ఈనాడు ఏ సంఘానికి వెళ్ళినా యువతీ యువకుల్లో చాలామంది ఆ రంగంలో పనిచేసేవారే. హైదరాబాదులోనో బెంగళూరులోనో, సముద్రాలు దాటి టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లల కోసం ప్రార్థించమని అడిగే తల్లిదండ్రులు మాకు తరచూ ఎదురవుతారు. ఉద్యోగం నిలవాలని, వీసా రావాలని, పెళ్ళి కుదరాలని వారి మనవి. ఆ పిల్లలతో విడిగా మాట్లాడితే మరో సంగతి బయటపడుతుంది. పని గంటల కన్నా, గడువుల కన్నా తమను ఎక్కువగా కుంగదీసేది తోటివారి మాటలని వారు చెబుతారు. అవి ఎదురుగా నిలబడి అన్న మాటలు కావు, తెర మీద రాసిన మాటలు. ఇలా డిజైన్ చేసినవాడికి బుద్ధి ఉందా అని ఒకరు రాస్తారు. పదిమంది చదువుతారు. ఆ వాక్యం ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతుంది.

సాఫ్ట్‌వేర్ కట్టేవారి మధ్య అభిప్రాయ భేదం రావడం తప్పు కాదు. రాకపోతేనే ప్రమాదం. ఒక పద్ధతి సరళంగా ఉందా, అనవసరంగా సంక్లిష్టం అయిపోయిందా అని నిలదీసి అడిగేవారు లేకపోతే కట్టడం పాడవుతుంది. అయితే ఆ ప్రశ్న అంత త్వరగా మనిషి మీదికి ఎందుకు మళ్ళుతోంది? డిజైన్ గురించి మొదలైన చర్చ డిజైన్ చేసినవాడి తెలివి గురించి, నిజాయితీ గురించి ఎందుకు మారుతోంది? ఆ రంగం చరిత్రలోనే జవాబు వెతుకుదాం. విశ్వాసులకు, అవిశ్వాసులకు కూడా పనికివచ్చే పాఠాలు అక్కడ ఉన్నాయి.

1992 జనవరి 29న ఆమ్‌స్టర్‌డామ్‌లో కంప్యూటర్ శాస్త్రం బోధించే ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్, లినక్స్‌కు కాలం చెల్లిందన్న అర్థం వచ్చే శీర్షికతో ఒక బహిరంగ సందేశం రాశారు. అప్పటికి లినక్స్ పుట్టి ఆరు నెలలు కూడా కాలేదు. దాన్ని రాసిన లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 22 ఏళ్ళ విద్యార్థి. టానెన్‌బామ్ అంతకు ముందే, 1987లో, ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద ఒక పాఠ్యగ్రంథం రాసి, విద్యార్థులు నేర్చుకోవడానికి మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేశారు. ఆ పుస్తకం చదివి, ఆ మినిక్స్‌నే తన కంప్యూటరులో పెట్టుకొని లైనస్ తన సొంత కెర్నెల్ రాశాడు. అంటే ఒక విధంగా గురువుకూ, ఆయన ముఖం చూడని శిష్యుడికీ మధ్య జరిగిన వాదం అది.

వాదం దేని గురించి? కంప్యూటరు యంత్రానికీ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలబడి పనులు పంచిపెట్టే ప్రధాన భాగాన్ని కెర్నెల్ అంటారు. దాన్ని కట్టడానికి రెండు పద్ధతులున్నాయి. పెళ్ళి వంటలతో పోల్చి చెప్పుకుంటే సులువుగా అర్థమవుతుంది. వెయ్యిమందికి వంట చేయాలి. ఒకే పందిరి కింద అన్ని పొయ్యిలూ పెడితే పప్పు వండేవాడు చెయ్యి చాచి పులుసువాడి గరిటె అందుకుంటాడు. పని చకచకా సాగుతుంది. కాని ఒక పొయ్యి దగ్గర మంట ఎగిస్తే పందిరంతా అంటుకుంటుంది. ఒక్కో వంటకానికి ఒక్కో పాక వేస్తే, ఒక పాక కాలినా మిగతావి నిలుస్తాయి. కాని ఉప్పు కావాలన్నా మనిషిని పంపాలి, అతడు తిరిగి వచ్చేదాకా ఆగాలి. మొదటి పద్ధతిని మోనోలిథిక్ అంటారు. లినక్స్ అలా కట్టింది. రెండోది మైక్రోకెర్నెల్ పద్ధతి. మినిక్స్ అలా కట్టింది.

1991లో మళ్ళీ ఒకే పందిరి వేయడం 1970ల నాటికి వెనకడుగు వేయడమేనని టానెన్‌బామ్ వాదించారు. లినక్స్ ఒకే రకం ప్రాసెసరుకు మరీ అతుక్కుపోయిందని కూడా విమర్శించారు. ఇవి డిజైన్ గురించిన మాటలు, బలమైన మాటలు. కాని ఆ వాదం అక్కడితో ఆగలేదు. నువ్వు నా విద్యార్థివి కానందుకు సంతోషించు, ఇలాంటి డిజైన్‌కు నా దగ్గర మంచి మార్కులు రావన్న ధోరణిలో ప్రొఫెసరు రాశారు. కుర్రవాడు అంతకు ముందే ఘాటుగా బదులిచ్చాడు. మినిక్స్ లోపాలకు ప్రొఫెసరు ఉద్యోగం ఒక మంచి సాకు అన్నట్టు ఎత్తిపొడిచాడు. ఇద్దరూ తెలివైనవారే. ఇద్దరి వాదంలోనూ పస ఉంది. అయినా ఆ కొద్దిసేపు డిజైన్ పక్కకు పోయి అహం ముందుకు వచ్చింది.

ఆ తరువాత జరిగిన రెండు సంగతులు మాత్రం ఎక్కువమంది చెప్పుకోరు. మొదటిది, లైనస్ తన ఘాటైన జవాబులోనే సిద్ధాంతపరంగా మైక్రోకెర్నెల్ పద్ధతే బాగుంటుందని ఒప్పుకున్నాడు. కొద్ది వ్యవధిలోనే, మర్యాద మరచి రాశానని అందరి ఎదుట ప్రొఫెసరును క్షమాపణ అడిగాడు. వాదం మాత్రం వదులుకోలేదు. రెండోది పన్నెండేళ్ళ తరువాత, 2004లో జరిగింది. లినక్స్‌ను లైనస్ సొంతంగా రాసి ఉండడని, మినిక్స్ నుంచి తీసుకొని ఉంటాడని అమెరికాలోని ఒక సంస్థ తరఫున ఒకాయన ఆరోపణ సిద్ధం చేశాడు. సాక్ష్యం కోసం ఆమ్‌స్టర్‌డామ్ దాకా వచ్చి టానెన్‌బామ్‌ను కలిశాడు. పాత ప్రత్యర్థిని దెబ్బ తీయడానికి అంతకన్నా మంచి అవకాశం దొరకదు. టానెన్‌బామ్ ఏం చేశారు? ఆ కెర్నెల్‌ను లైనస్ తానే రాశాడని, ఆరోపణలో నిజం లేదని బహిరంగంగా రాశారు. మేమిద్దరం శత్రువులం కామని చెప్పారు. మైక్రోకెర్నెల్ పద్ధతిలో కట్టలేదన్నదే లినక్స్ విషయంలో తన విచారమని కూడా అదే చోట రాశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. అభిప్రాయం మార్చుకోలేదు, అబద్ధం ఆడలేదు, ఎదుటివాడి గౌరవానికి భంగం రానివ్వలేదు. సభ్యత అంటే ఇది. తియ్యగా మాట్లాడటం మాత్రమే సభ్యత అనుకుంటే ఈ సంఘటన మనకు అర్థం కాదు. మనతో ఏకీభవించని వ్యక్తి మీద ఎవరైనా నింద వేస్తుంటే, ఆ నింద మనకు లాభమే అయినా, అది నిజం కాదని చెప్పగలమా? మన మర్యాదకు అసలు పరీక్ష అక్కడుంది.

ఆ వాదంలో చివరికి ఎవరు గెలిచారని అడిగితే జవాబు ఒక్క మాటలో చెప్పలేం. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి అడుగునా ఉన్నది లినక్స్ కెర్నెలే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్ల జాబితా అంతటా లినక్సే. ఒకే రకం ప్రాసెసరుకు అతుక్కుపోయిందన్న లినక్స్ ఆ తరువాత ఎన్నో రకాల యంత్రాల మీదికి వెళ్ళింది. మరో వైపు, ఇంటెల్ చిప్‌ల లోపల ప్రత్యేకమైన నిర్వహణ పనుల కోసం మినిక్స్‌ను వాడారని 2017లో లోకానికి తెలిసింది. కార్లలో వాడే క్యూఎన్‌ఎక్స్ కూడా మైక్రోకెర్నెల్ పద్ధతిదే. ఒకే పందిరి నిలిచింది, వేరువేరు పాకలూ నిలిచాయి. ఎక్కడ ఏది తగునో కాలం తేల్చింది. 1992లో ఎవరో ఒకరు రెండోవారిని మాటలతో తొక్కి మూలన కూర్చోబెట్టి ఉంటే నష్టం ఇద్దరికీ కాదు, మనందరికీ జరిగేది.

మరి సంక్లిష్టత గురించిన వాదాలు అంత వేడెక్కడానికి కారణం ఏమిటి? ఐబీఎంలో ఓఎస్/360 అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1986లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. సాఫ్ట్‌వేర్‌లో సంక్లిష్టత రెండు రకాలని ఆయన వివరించారు. ఒకటి సమస్యలోనే ఉన్న చిక్కు. రైల్వే రిజర్వేషన్ తీసుకుంటే వెయిటింగ్ లిస్టు, తత్కాల్, రాయితీలు, రద్దు నియమాలు అన్నీ అందులో ఉంటాయి. ఎంత గొప్ప ఇంజనీరైనా వాటిని మాయం చేయలేడు. రెండోది మనం ఎన్నుకున్న పనిముట్ల వల్ల, పద్ధతుల వల్ల వచ్చి చేరిన చిక్కు. దాన్ని తగ్గించవచ్చు. మొదటిదాన్ని మాయం చేసే మంత్రం మాత్రం ఎక్కడా లేదన్నది ఆయన తీర్పు.

ఈ విభజన తెలిస్తే గొడవ మూలం బోధపడుతుంది. కట్టినవాడికి తన కట్టడంలోని ప్రతి చిక్కూ తప్పనిసరిగానే కనిపిస్తుంది. ఎందుకంటే ఏ రాత్రి ఏ ఇబ్బంది వచ్చి ఏ గోడ లేపవలసి వచ్చిందో అతడికి తెలుసు. కొత్తగా వచ్చినవాడికి అదంతా అనవసరంగానే కనిపిస్తుంది. ఎందుకంటే ఆ రాత్రి అతడు అక్కడ లేడు. మరో సంగతి కూడా ఉంది. చిక్కు చాలాసార్లు పోదు, ఒకరి భుజం మీది నుంచి మరొకరి భుజం మీదికి మారుతుంది. వాడేవారికి సులువు చేస్తే కట్టేవారికి బరువు పెరుగుతుంది. ఈ రోజు కట్టేవారికి సులువు చేస్తే రేపు మరమ్మతు చేసేవారికి బరువు పెరుగుతుంది. కాబట్టి ఇది సరళం, అది సంక్లిష్టం అన్నప్పుడు మనం నిజానికి చెబుతున్నది, ఈ బరువు నా మీద పడుతోందనో, నా మీద పడటం లేదనో మాత్రమే. బరువు ఎవరు మోయాలన్నది లెక్కల ప్రశ్న మాత్రమే కాదు. అది న్యాయానికి, ప్రేమకు సంబంధించిన ప్రశ్న. అందుకే అంత వేడి.

వేదాంత విద్యార్థులకు ఈ ప్రశ్న కొత్త కాదు. అపొస్తలుల కార్యముల గ్రంథం 15వ అధ్యాయంలో యెరూషలేము సభ ఈ ప్రశ్న మీదే కూడింది. అన్యజనుల్లో నుంచి వచ్చిన విశ్వాసులు మోషే ధర్మశాస్త్రమంతా పాటించాలా, అక్కరలేదా? పాటించాలన్నవారు దుర్మార్గులు కారు, తరతరాలుగా తాము మోసినదాన్ని తప్పనిసరి అనుకున్నారు. అక్కడ తీవ్రమైన వాదమే జరిగిందని లూకా దాచకుండా రాశాడు. పేతురు లేచి కాడి ఎవరి మెడ మీద పడుతోందో చూడమన్నాడు. ఆ తరువాత సభ మౌనంగా ఉండి బర్నబా, పౌలు చెప్పింది విన్నది. చివరికి తప్పనిసరి అయినవి కొన్ని మాత్రమే ఉంచి మిగతా భారం దించారు. వాదం, వినడం, భారం దించడం అన్నవి ఆ క్రమంలోనే జరిగాయి. అదే అధ్యాయం చివర పౌలు, బర్నబాలు మార్కు విషయంలో విభేదించి విడిపోవడం కూడా ఉంది. కాని చాలా ఏళ్ళ తరువాత చెరసాలలో నుంచి పౌలు అదే మార్కును తన దగ్గరికి తీసుకురమ్మని అడిగాడు. విడిపోవలసి వచ్చినా తిరిగి వచ్చే దారిని మాటలతో కూల్చుకోలేదు.

ఆ దారి కూలితే ఏమవుతుందో 2018లో చూశాం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పేరు వినని ఇంజనీరింగ్ విద్యార్థి మన దగ్గర ఉండడు. దాన్ని సృష్టించిన గైడో వాన్ రోసమ్ నెదర్లాండ్స్ దేశస్థుడు. 1991లో అది మొదటిసారి బయటకు వచ్చినప్పటి నుంచి భాషలో ఏ మార్పు వచ్చినా తుది మాట ఆయనదే. 2018లో ఒక చిన్న గుర్తును భాషలో చేర్చాలన్న ప్రతిపాదన వచ్చింది. కోలన్ పక్కన సమానం గుర్తు, అంతే. ఒక విలువకు పేరు పెట్టడం, ఆ విలువను పరీక్షించడం ఒకే వరుసలో చేయడానికి అది పనికివస్తుంది. దానివల్ల రాసిందే మళ్ళీ రాసే పని తప్పుతుందని కొందరన్నారు. ఒక వరుసలో ఒక పని అన్న పైథాన్ సరళత చెడుతుందని, కొత్తవారు చదవలేరని మరికొందరన్నారు. రెండూ సబబైన వాదాలే. కాని చర్చ నెలల తరబడి సాగి చేదెక్కింది. చివరికి గైడో ఆ ప్రతిపాదనను ఆమోదించారు. 2018 జూలై 12న తన స్థానం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఒక ప్రతిపాదన కోసం ఇంతగా పోరాడి, చివరికి తన నిర్ణయాన్ని ఇంతమంది అసహ్యించుకోవడం ఇక చూడలేనని ఆయన రాసిన మాటల సారాంశం.

రెండు గుర్తులు! అవి 2019 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.8లో చేరాయి. భాష కూలిపోలేదు. ఇష్టమైనవారు వాడుతున్నారు, ఇష్టం లేనివారు వాడటం లేదు. ఆ తరువాత ఐదుగురు సభ్యుల సంఘాన్ని ఎన్నుకొని పైథాన్‌ను నడుపుకున్నారు. మొదటి సంఘంలో గైడో కూడా ఒక సభ్యుడిగా కూర్చున్నారు. తుది నిర్ణయం ఒక్కడి భుజాల మీద పెట్టి, ఆ భుజాల మీదే రాళ్ళు వేయడం సరికాదని వారు గ్రహించినట్టుంది. మన సంఘాల్లో, సంస్థల్లో కూడా ఆలోచించవలసిన విషయమిది.

పరుషంగా మాట్లాడకపోతే నాణ్యత నిలవదని వాదించేవారున్నారు. లినక్స్‌నే వారు ఉదాహరణగా చూపిస్తారు. లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్ళ తరబడి తోటివారి మీద కటువైన మాటలతో విరుచుకుపడ్డ సంగతి నిజమే. లినక్స్ ప్రపంచమంతా వ్యాపించిన సంగతీ నిజమే. అయితే రెండోది మొదటిదాని వల్లే జరిగిందని ఎవరు రుజువు చేశారు? 2018 సెప్టెంబరు 16న లైనస్ స్వయంగా ఒక సందేశం రాశాడు. తన దాడులు అనుచితమైనవని ఒప్పుకొని, బాధపడినవారిని క్షమాపణ అడిగాడు. ఇతరుల మనసు అర్థం చేసుకోవడంలో సహాయం పొందడానికి కొంతకాలం పక్కకు తప్పుకున్నాడు. ఆ రోజుల్లోనే లినక్స్ కెర్నెల్ బృందం ఒక ప్రవర్తనా నియమావళిని స్వీకరించింది. ఆయన లేనప్పుడు ఆ పని గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ చూసుకున్నాడు. 4.19 సంచిక అక్టోబరులో వచ్చింది, లైనస్ కూడా ఆ నెలలోనే తిరిగి వచ్చాడు. నాసిరకం కోడ్‌ను తిరస్కరించడం ఆయన మానుకోలేదు. 22 ఏళ్ళప్పుడు ఒక మనిషిని అడిగిన క్షమాపణను 48 ఏళ్ళప్పుడు ఒక సమూహమంతటినీ అడిగాడు. ఆయన జీవితంలో నాణ్యతకు కావలసింది కచ్చితత్వమే గాని తిట్టు కాదని ఆయనే చూపించాడు.

ఇంకా లోతైన హెచ్చరిక 2024లో వచ్చింది. ఫైళ్ళను కుదించి చిన్నవిగా చేసే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. లోకంలో లెక్కలేనన్ని సర్వర్లలో అది ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి ప్రధానంగా ఒక్క మనిషే, జీతం లేకుండా, తీరిక వేళల్లో చూసుకుంటూ వచ్చాడు. 2022లో ఎవరో కొత్త పేర్లతో ఆయనను వేధించడం మొదలుపెట్టారు. పని నెమ్మదిగా సాగుతోందని, ఆసక్తి లేకపోతే వేరేవారికి అప్పగించమని ఎత్తిపొడిచారు. తన మానసిక ఆరోగ్యం బాగులేదని ఆయన చెప్పుకున్నా ఒత్తిడి ఆగలేదు. అలసిపోయిన ఆ మనిషి, ఎంతో మర్యాదగా సహాయం చేస్తున్న మరో కొత్తవ్యక్తికి బాధ్యతలో భాగం ఇచ్చాడు. ఆ మర్యాదస్తుడే 2024లో 5.6.0, 5.6.1 సంచికల్లో దొంగచాటు ద్వారం అమర్చాడు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు మార్చి 29న దాన్ని బయటపెట్టకపోతే ఎంత అనర్థం జరిగేదో ఊహించలేం. ఆ వేధింపు పేర్లు కూడా పథకంలో భాగమేనన్నది నిపుణుల అనుమానం.

ఈ సంఘటన రెండు వైపులా కోస్తుంది. పరుషమైన మాట అంటే మనసు నొప్పించడమొక్కటే కాదు, కాపలాదారుణ్ణి పడగొట్టి దొంగకు తలుపు తీయడం కూడా కావచ్చు. అలాగే మర్యాదగా మాట్లాడే ప్రతివాడూ మేలు కోరేవాడు కాడు. గొర్రె చర్మం కప్పుకొని వచ్చేవారి గురించి ప్రభువు ఏనాడో హెచ్చరించాడు. కాబట్టి మర్యాద ఒక్కటే చాలదు, సత్యం ఒక్కటే చాలదు. రెండూ కలిసి నడవాలి.

ఇక్కడ మన తెలుగువారు ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం ఒకటుంది. మన బలహీనత చాలాసార్లు తిట్టడం కాదు, తల ఊపడం. పెద్దవారి ఎదుట కాదనడం అమర్యాద అని నేర్చుకొని పెరిగాం. సీనియర్ చూపించిన డిజైన్‌లో లోపం కనిపించినా మీటింగ్‌లో నోరు విప్పం. బయటకు వచ్చాక క్యాంటీన్‌లోనో, వాట్సాప్‌లోనో మాత్రం నలుగురినీ పోగేసి ఆ సీనియర్ తెలివిని ఎండగడతాం. ఇది సభ్యత కాదు. ఆ లోపం ఏదో ఒక అర్ధరాత్రి బయటపడినప్పుడు నిద్రలేచి బాగుచేయవలసినవాడు మరెవడో ఉంటాడు. మన మౌనం బరువు అతడి మీద పడుతుంది. పేతురు యూదులకు భయపడి వెనక్కి తగ్గినప్పుడు పౌలు అంతియొకయలో ముఖాముఖిగా ఎదిరించాడని గలతీ పత్రిక చెబుతోంది. ఎదుటే చెప్పాడు, చాటున చెప్పలేదు.

పరాయి భాష తెచ్చే ఇబ్బంది కూడా మన పిల్లలకు అదనం. ఎదురుగా అయితే చిరునవ్వు, గొంతు మెత్తదనం మాట పదును తగ్గిస్తాయి. రాతలో అవి ఉండవు. ఇంగ్లీషులో పొట్టిగా రాసిన వాక్యం ఆజ్ఞలా వినబడుతుంది. తోటివాడు మామూలుగా రాసిన వాక్యం మనకు గుచ్చుకుంటుంది. కనుక చదివేటప్పుడు ఎదుటివారి వాక్యానికి ఉన్నంతలో మంచి అర్థమే తీసుకోవడం, రాసేటప్పుడు మన వాక్యానికి చెడ్డ అర్థం వచ్చే వీలుందేమో చూసుకోవడం మంచిది.

వాదించే విధానం నేర్చుకోవాలంటే ఆ రంగంలోనే ఒక పెద్దమనిషి ఉన్నారు. 1968లో ఎడ్జర్ డైక్‌స్ట్రా అనే శాస్త్రవేత్త ఒక పత్రికకు లేఖ రాశారు. ప్రోగ్రాములో ఉన్నచోటు నుంచి మరోచోటికి ఒక్కసారిగా దూకించే గోటూ అనే ఆదేశం వల్ల ప్రోగ్రాములు అర్థం కాకుండా పోతున్నాయన్నది ఆయన వాదం. ఆయన పెట్టిన శీర్షిక సౌమ్యంగానే ఉండేది. అది హానికరమని చెప్పే ఘాటైన శీర్షిక పెట్టింది సంపాదకుడు నిక్లాస్ విర్త్. ఆ శీర్షికే నినాదమైంది, పక్షాలు ఏర్పడ్డాయి. 1974లో డొనాల్డ్ క్నూత్ దాని మీద సుదీర్ఘమైన వ్యాసం రాశారు. ఆయన ఏ పక్షాన్నీ ఎగతాళి చేయలేదు. ఎక్కడ గోటూ తీసేస్తే ప్రోగ్రాము బాగుపడుతుందో, ఎక్కడ ఉంచితే మేలో ఉదాహరణల మీద ఉదాహరణలు ఇచ్చి చూపించారు. నినాదాన్ని మళ్ళీ ప్రశ్నగా మార్చారు.

క్నూత్ లూథరన్ సంఘానికి చెందిన విశ్వాసి. బైబిలు పుస్తకాల్లో 3వ అధ్యాయం 16వ వచనాలను ఎన్నుకొని అధ్యయనం చేస్తూ ఒక గ్రంథం కూడా రాశారు. ఆయనకు ఒక అలవాటుంది. తన పుస్తకాల్లో తప్పు కనిపెట్టి మొదట చెప్పినవారికి 2.56 డాలర్ల బహుమతి రాసిస్తారు. 256 సెంట్లు కంప్యూటర్ లెక్కలో ఒక గుండు సంఖ్య, అదీ ఆయన చమత్కారం. మోసాల భయం వల్ల 2008 నుంచి బ్యాంకు చెక్కులకు బదులు ప్రశంసాపత్రం వంటిది పంపుతున్నారు. పొందినవారిలో చాలామంది ఆ చెక్కులను డబ్బుగా మార్చుకోకుండా చట్రం కట్టించి గోడకు పెట్టుకున్నారు. ప్రపంచ ప్రఖ్యాతి పొందిన మనిషి తన తప్పు చూపినవాడికి ఎదురు డబ్బిచ్చి కృతజ్ఞత చెబుతున్నాడు! మన తప్పు చూపినవాడికి మనమేమిస్తున్నాం?

మా యువతకు మేము చెప్పేది నాలుగు మాటలు. ఒకటి, ఒక డిజైన్‌ను తప్పుపట్టే ముందు, దాన్ని కట్టినవాడే విని ఔను, నా ఉద్దేశం ఇదేనని తల ఊపేటంత చక్కగా అతడి వాదాన్ని నీ మాటల్లో చెప్పి చూడు. చెప్పలేకపోతే నీకింకా అర్థం కాలేదన్నమాట. రెండు, ఇది సంక్లిష్టం అని ఊరుకోకు. ఎవరికి, ఏ పనిలో, ఎంత కష్టమో చూపించు. బరువు ఎవరి భుజం మీద పడుతోందో పేరు పెట్టి చెబితే వాదం సగం చల్లబడుతుంది. మూడు, నువ్వు రాసిన వాక్యంలో నువ్వు అన్న మాట బదులు ఈ పద్ధతి అన్న మాట పెట్టి చదువు. అర్థం నిలిస్తే అలాగే పంపు. నిలవకపోతే అది విమర్శ కాదు, దూషణ. నాలుగు, నిర్ణయం నీకు వ్యతిరేకంగా వచ్చినా చేతులు ముడుచుకోకు. నీ అభ్యంతరం రాతపూర్వకంగా ఉంచి, పని మాత్రం మనస్ఫూర్తిగా చెయ్యి.

పెద్దలకు, టీమ్ లీడర్లకు కూడా ఒక మాట. మీ చేతి కింద ఉన్న పిల్లలు మిమ్మల్ని ఏనాడూ కాదనలేదంటే మీ డిజైన్లు నిర్దోషమైనవని మురిసిపోకండి. కాదనడానికి వారికి ధైర్యం చాలడం లేదేమో చూడండి. తప్పు చూపిన చిన్నవాణ్ణి నలుగురిలో మెచ్చుకోండి. ఆ రోజు నుంచి మీ బృందంలో మరో నాలుగు నోళ్ళు తెరుచుకుంటాయి.

తెలుగు బైబిలులో క్షేమాభివృద్ధి అన్న మాట తరచూ కనిపిస్తుంది. మూలభాషలో ఆ మాటకు ఇల్లు కట్టడం అని అర్థం. మాట మనిషిని కట్టాలన్నది పౌలు బోధ. నాలుక గురించి యాకోబు తన పత్రిక 3వ అధ్యాయంలో చేసిన హెచ్చరిక ఈనాడు వేళ్ళకు కూడా వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కట్టేవారే. ఈనాటి డిజైన్‌ను పదేళ్ళ తరువాత ఎవరో పీకేసి కొత్తది కడతారు. అది ఆ రంగంలో మామూలే. కాని ఆ డిజైన్ గురించిన వాదంలో విరిగిన మనిషిని తిరిగి కట్టడం అంత సులువు కాదు. ఈ వారం మనం పంపబోయే ప్రతి సందేశాన్నీ, మీట నొక్కే ముందు మరోసారి చదువుకుందాం. అది ఒక మనిషిని కడుతోందా, కూలుస్తోందా? కడుతోందంటే ఎంత కఠినమైన నిజమైనా ధైర్యంగా పంపుదాం. కూలుస్తోందంటే తిరిగి రాద్దాం.